తెలుగులో చెప్పిన మాట

లింగ్యా మానుకోట స్టేషన్లో రైలు దిగేసరికి ఎండ బాగా ముదిరింది. గాంధీ జయంతికని జైలు నుంచి వదిలిన ఖైదీల్లో అతనొకడు. పెళ్ళయిన కొత్తలో లోపలికి పోయినవాడు, తల నెరిసి బయటికొచ్చాడు. భుజాన గుడ్డసంచి, ఒంటి మీద ఎవరిదో వదులు చొక్కా. దారి అడగకుండానే బస్టాండుకు నడిచాడు.

బస్టాండులో ఒక్క బస్సూ లేదు. బస్సులు ఆగే చోట మేకలు పడుకుని నెమరేస్తున్నాయి. పక్కనే చాయ బండి దగ్గర ఒక నడివయసు ఆమె గ్లాసులు కడుగుతోంది.

"అక్కా, తొర్రూరు బస్సు ఎప్పుడొస్తది?"

ఆమె అతన్ని ఎగాదిగా చూసింది. "ఏ దేశంలున్నవన్నా నువ్వు? సకల జనుల సమ్మె గాదా! తెలంగాణ వచ్చేదాంక బస్సు కదలదట."

తెలంగాణ మాట లింగ్యా జైల్లో విన్నాడు, వార్డర్ల ఎకసెక్కాల్లో. "మీవోళ్ళు రాష్ట్రం కావాలంటున్నారంటగా లింగ్యా! నీకేం మంత్రి పదవిస్తారు, రాళ్ళు కొట్టే శాఖా?" అని ఒకడు అనేవాడు, మిగతావాళ్ళు నవ్వేవాళ్ళు. అది బస్సులు ఆపేసేంత సంగతని అతనికి తెలియదు. చాయ తాగి తొర్రూరు రోడ్డు పట్టుకుని నడవడం మొదలుపెట్టాడు. నడవడం అతనికి బాగానే ఉంది. అడ్డం గోడ రాకుండా అంత దూరం నడిచి ఎన్నాళ్ళయిందో.

అతను లోపలికి పోవడానికి కారణం తండా ముందున్న బీడు. ఒకప్పుడు అది లంబాడోళ్ళదే. ఎప్పుడు దొర పేరు మీదికి ఎక్కిందో తండాలో ఎవరికీ తెలియదు. ఒక ఏడు తొలకరికి తండా అంతా కలిసి అందులో నాగళ్ళు కట్టింది, ముందు నాగలి లింగ్యాది. ఆ రోజు వాళ్ళకు తోడుగా జనగామ నుంచి కట్టయ్య వచ్చాడు. కల్లుకు తాళ్ళెక్కే గౌండ్లాయన, రైతుకూలీ సంఘం మనిషి. నెల తిరక్కుండా దొర గోదాం కాలిపోయింది. ఎవరు కాల్చారో ఇప్పటికీ తేలలేదు. పోలీసులు మాత్రం కట్టయ్యనూ లింగ్యానూ పట్టుకుపోయి, రాజ్యాన్ని కూలదోసే కుట్ర అని రాశారు. ఇద్దరికీ యావజ్జీవం, అదీ కఠిన శిక్ష.

సముద్రం దగ్గరి ఊరు, ఎత్తు గోడల జైలు. వెనక క్వారీ. పొద్దున్నే లెక్క చూసి, వరసగా నిలబెట్టి, సుత్తెలు ఇచ్చేవాళ్ళు. మేము రాజకీయ ఖైదీలం, మా లెక్క వేరు అని కట్టయ్య మొదటి రోజే పెద్ద అధికారి ముందు నిలబడి అడిగాడు. "ఇక్కడ రాజకీయాలు లేవు, రాళ్ళున్నాయి" అన్నాడు అధికారి. ఆ అడిగినందుకు ఇద్దరినీ చాలా కాలం ఒంటరి గదుల్లో పెట్టారు. మనుషుల్ని చూసేది క్వారీలోనే.

అక్కడ ఎట్లా బతకాలో కట్టయ్యే నేర్పాడు. అరచేతికి గుడ్డ ఎట్లా చుట్టాలి, రాయి పొర చూసి ఎక్కడ దెబ్బ వేయాలి, ఉన్న ఆ కాస్త అన్నాన్ని ఎంతసేపు నమలాలి. "కోపమంత పొద్దుగాల్నే ఖర్చు చేసుకోకురా. మాపటికి నిలబడాల్నంటే జర కోపం ఉండాలె" అనేవాడు.

లింగ్యాను అన్నిటికన్నా ఎక్కువ తినేసింది దెబ్బలు కాదు, ఆకలి కాదు. అంత పెద్ద జైల్లో అతని భాష తెలిసినవాడు ఒక్కడూ లేడు. అతని తెలుగు విని అక్కడివాళ్ళు నవ్వేవాళ్ళు. తనలో తను లంబాడీలో గొణుక్కుంటే, ఏదో కుట్ర పన్నుతున్నాడని వార్డరు లాఠీతో పొడిచేవాడు. అది చూసి కట్టయ్య ఒకరోజు అన్నాడు, "గట్ల ఒక్కనివే గొణుగకు. నాతోని చెప్పు. నాకు సమజ్ గాకుంటే ఏంది, నేను ఊఁ కొడత."

అట్లా లింగ్యా సుత్తె దెబ్బల మధ్య తండా కథలన్నీ తన భాషలోనే చెప్పేవాడు. ఏ మేక ఎన్ని పిల్లలు వేసిందీ, తీజ్ పండుగకు పెళ్ళాం జమ్లీ ఎంత బాగా ఆడిందీ, బిడ్డ గీత పాక్కుంటూ పోయి నీళ్ళ గాబులో చెయ్యి పెట్టిందీ. ఒక్క ముక్క అర్థం కాకపోయినా కట్టయ్య ఊఁ అనేవాడు, లింగ్యా గొంతు వణికిన చోట కాస్త మెల్లగా అనేవాడు.

ఆ కట్టయ్య ఒక వానాకాలం దగ్గుతో, జ్వరంతో జైలు దవాఖానలో పడ్డాడు. లింగ్యాను చూడనియ్యలేదు. ఒక సాయంత్రం క్వారీ నుంచి వచ్చేసరికి కట్టయ్య గది తలుపు బార్లా తెరిచి ఉంది, ఇద్దరు ఖైదీలు లోపల నీళ్ళు పోసి కడుగుతున్నారు. కట్టయ్య పోయాడని అట్లా తెలిసింది.

ఆ తర్వాత మాటలు ఒక్కొక్కటే జారిపోవడం మొదలైంది. ఒకరోజు మేకపిల్లను తమ భాషలో ఏమంటారో గుర్తుకు రాలేదు. రోజంతా రాళ్ళు కొడుతూ వెతికాడు. సాయంత్రం అన్నం ముందు కూర్చుంటే ఠక్కున దొరికింది. గిన్నె పక్కనపెట్టి ఏడ్చాడు.

జమ్లీ మొదటి ఏళ్ళలో ములాఖత్‌కు వచ్చేది. రెండు రైళ్ళు మారి, చంకన బిడ్డతో. ఇనుప జాలీకి అటు ఆమె, ఇటు అతను, మధ్యలో వార్డరు. "తెలుగులోనే మాట్లాడాలి. మాకు తెలియని భాషలో మాట్లాడితే ములాఖత్ బంద్" అనేవాడు. జమ్లీకి తెలుగు సంతలో బేరమాడేంత కూడా రాదు. మొగుడూ పెళ్ళాలు "మంచిగున్నవా", "మంచిగున్న" అనుకుని, మిగతాసేపు జాలీ పట్టుకుని నిలబడేవాళ్ళు. వచ్చిన ప్రతిసారీ ఆమె ఇంకా చిక్కిపోయి కనబడేది. చివరికి ఒకసారి లింగ్యా అన్నాడు, "మల్ల రాకు జమ్లీ. నేను రాను. టీక్యా ఉన్నడు. వానితోని ఉండు." టీక్యా అతని తమ్ముడు. జమ్లీ వార్డరు వైపు చూసింది, లింగ్యా వైపు చూసింది, ఏమీ అనలేదు. మళ్ళీ రాలేదు. కొన్నాళ్ళకు, టీక్యాకు జమ్లీకి తండా పెద్దలు ముడి పెట్టారని మానుకోట నుంచి కొత్తగా వచ్చిన ఖైదీ ఒకడు చెప్పాడు.

నడిచీ, మధ్యలో ఒక ట్రాక్టరెక్కీ లింగ్యా తొర్రూరు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. చౌరస్తాలో రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. డప్పులు మోగుతున్నాయి. ఒకతను చేతిలో విస్తరి పెట్టి, "ఏడికెళ్ళి వస్తున్నవన్నా?" అని అడిగాడు.

"జైలుకెళ్ళి."

ఆ మాట ఎట్లా పాకిందో, క్షణంలో అతన్ని సమ్మె శిబిరం ముందుకు తీసుకుపోయారు. ఉద్యమంలో జైలుకు పోయి వచ్చిన అన్న అని మైకులో చెప్పి మెడలో బంతిపూల దండ వేశారు. నాలుగు మాటలు మాట్లాడమన్నారు. నేను పోయింది దీనికోసం కాదని చెప్పాలనుకున్నాడు. అంతమంది ముఖాలు చూసి, "లింగ్యా, మాది లచ్చాతండా" అని మాత్రం అని దిగిపోయాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

గుంపులోంచి చున్నీ నడుముకు కట్టుకున్న ఒక కాలేజీ అమ్మాయి గబగబా వచ్చి ఎదురుగా నిలబడింది. తమ భాషలోనే అంది, "నేను గీతను. టీక్యా బిడ్డను. నువ్వు మా పెద్దబాపువు గదా?"

ఎన్నేళ్ళకో చెవిన పడ్డ సొంత భాష. అందులో మొదటి మాటే అది. ముక్కు జమ్లీది, నుదురు తన తల్లిది. లింగ్యా జవాబు చెప్పబోయాడు, నాలుక తిరగలేదు. తెలుగులోనే అన్నాడు, "అవును బిడ్డా."

తండాలో అతన్ని మర్యాదగానే చూసుకున్నారు. పాత బీడు నిండా తెల్ల రాళ్ళు పాతి ప్లాట్లు చేశారు. దొర కొడుకులు ఎప్పుడో అమ్ముకున్నారట. టీక్యా కోడిని కోసి కూర చేయించాడు. జమ్లీ పళ్ళెం తెచ్చి పెట్టింది, ముఖం మీదికి ముసుగు బాగా కిందికి లాక్కుని. తమలో ఆడవాళ్ళు మొగుడి అన్న ముందు అట్లాగే ముసుగేసుకుంటారు. జైలు అలవాటు, లింగ్యా ఒక్క మెతుకు వదలకుండా తిన్నాడు.

పొద్దున లేచేసరికి లింగ్యా వాకిట్లో గోడకు ఆనుకుని నిటారుగా నిలబడి ఉండటం టీక్యా చూశాడు. లెక్క చూడటానికి ఎవరూ రారని గుర్తొచ్చేదాకా రోజూ అట్లా నిలబడేవాడు. టీక్యా కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "అన్నా, ఇల్లు నీదే. నేను పక్కకు ఇంకో గుడిసె ఏసుకుంట."

"పోరగాండ్లను ఏడ పండవెడ్తవ్‌రా? ఊకో."

కొన్ని రోజులకు, ఇంట్లో ఎవరూ లేనప్పుడు జమ్లీ గిన్నెలు తోముతూ, వెనక్కి తిరగకుండా తమ భాషలో పలకరించింది. అతను ఆ ఇంటికి వచ్చాక ఆమె అతనితో మాట్లాడటం అదే మొదలు.

"ఒక్క మాట అడుగుత. ఆ దినం జాలికాడ తెలుగుల అన్నవు గదా, టీక్యాతోని ఉండుమని. నాకు సక్కగ సమజ్ గాలే. నిజంగ గట్లనే అన్నవా? పోలీసాయన ఇంటున్నడని ఇంకోటేమన్న అన్నవా?"

ఆ రోజు ఆ మాట అంటూనే, ఆమె వద్దని అరవాలని లోలోపల ఎంత కోరుకున్నాడో లింగ్యాకు గుర్తుంది.

"నీకు సక్కగనే సమజ్ అయింది. గట్లనే అన్న."

జమ్లీ చేతిలోని గిన్నె కిందపెట్టింది. "ఎన్నేండ్లయినా సరే, నేను నీకోసం ఎదురుచూస్త అందామనుకున్న. ఆ మాటను తెలుగుల ఏమంటరో నాకు రాలే."

అంతే. గిన్నెలు కడిగి బోర్లించి లోపలికి పోయింది. ఆ పూట అతను చెరువుగట్టు దాకా పోయి, పొద్దు వాలేవరకు అక్కడే కూర్చున్నాడు.

బస్సులు తిరగడం మొదలైన రోజే లింగ్యా బయల్దేరాడు. టీక్యా ఎంత బతిమాలినా ఆగలేదు. ముందు జనగామ పోయాడు. కట్టయ్య ఇంటికి తాళం. భార్య చనిపోయిందని, కొడుకు శ్యాం భూపాలపల్లిలో బొగ్గుబాయి పని చేస్తున్నాడని పక్కింటివాళ్ళు చెప్పారు. మర్నాడు అక్కడికే పోయాడు. శ్యాం షిఫ్టు దిగి వచ్చి, తండ్రితో జైల్లో ఉన్న మనిషని తెలిసి, స్నానం కూడా చేయకుండా ఎదురుగా కూర్చున్నాడు.

"ఆఖర్ల నాయిన శాన బాధపడ్డడా?"

"నాకు తెల్వది బిడ్డా. నేను రాళ్ళకాడ ఉన్న. పక్కకు ఎవ్వరూ లేరు. గా మాట చెప్పనీకే వచ్చిన."

ఎవరూ అంతవరకు శ్యాంకు అంత నిజం కూడా చెప్పలేదు. అతను లేచి ఇద్దరికీ అన్నం పెట్టాడు. తింటూ అడిగాడు, "నువ్వేడ ఉంటవ్ కాకా?"

"తెల్వది."

ఘనపూర్ దగ్గర శ్యాంకు కొంత చెలక భూమి ఉంది, బోరు ఉంది, మోటారు గది ఉంది. లింగ్యా అక్కడ ఉండిపోయాడు. కూరగాయలు పెట్టాడు, మేకలు రెండు కొన్నాడు. మోటారు గది తలుపు ఊడదీసి పక్కన పెట్టేశాడు. వానొచ్చినా చలేసినా తలుపు లేకుండానే పడుకునేవాడు. ఊళ్ళోకి ఎప్పుడో తప్ప పోయేవాడు కాదు. రోజుల తరబడి మేకలతో తప్ప మాటే ఉండేది కాదు.

తెలంగాణ వచ్చిన ఏడు ఎండాకాలం చివర గీత వచ్చింది. చిట్యాల బళ్ళో టీచరమ్మగా చేరిందట. జొన్నరొట్టెలు మూట కట్టుకొచ్చింది. చెట్టు కింద కూర్చుని తమ భాషలో తండా కబుర్లన్నీ చెప్పింది. లింగ్యా మెల్లగా, తడుముకుంటూ జవాబులు చెప్పాడు. ఒకచోట మాట తప్పు పలికితే గీత నవ్వి సరిచేసింది. అతనూ నవ్వాడు.

పోయే ముందు ఆమె చెప్పులు వేసుకుంటూ ఆగింది. "నాకు అంత ఎరుకే. నన్ను కన్న యాడి చెప్పింది. నిన్ను బాపు అని పిలువాల్నా?"

"వద్దు బిడ్డా. టీక్యా ఇంటే పానం సిన్నబోతది. నిన్ను సాదినోడు వాడు."

"మరి నీకు?"

లింగ్యా రోడ్డు దాకా తోడొచ్చి ఆటో ఎక్కించాడు. ఘనపూర్ వైపు ఎవరో పటాకులు కాలుస్తున్నారు. ఆటో మలుపు తిరిగాక కూడా కాసేపు రోడ్డు మీదే నిలబడ్డాడు. బెండ మడిలో ఇంకా రెండు సాళ్ళు తడవలేదు. పార భుజాన వేసుకుని అటు నడిచాడు.