రెండో చుక్క

“పెట్టను నాన్నా. ఆ కాగితం ఎన్నిసార్లు ఇటు తోసినా పెట్టను” అంది కూతురు.

భోజనాల బల్ల మీద ఆ కాగితం అప్పటికి నాలుగుసార్లు అటూ ఇటూ తిరిగింది. ఒక మూల కూర మరక కూడా అయింది.

“ఆస్తి రాసిమ్మన్నానా? మా ఇంటి పెద్దాయన తన ఇష్టంతోనే పోటీలో ఆడుతున్నాడు అని ఉంది. కింద ఇంట్లోవాళ్ళొకరు సంతకం పెట్టాలి. అంతేగా.”

“ఇష్టంతో అన్నది కొట్టేసి మొండితనంతో అని రాయించు. పెడతా.”

మంచినీళ్ళు తాగుతున్న అల్లుడు నవ్వబోయి పొలమారి దగ్గాడు.

“గుండెకి స్టెంటు వేయించుకున్న మనిషివి. గుర్తుందా?”

“స్టెంటు గుండెకి వేశారే, కాళ్ళకి కాదు. డాక్టరు కూడా సరేనని రాసిచ్చాడు, చూడు.”

“ఆడుకోమని రాశాడు. అరవై అయిదు దాటినవాళ్ళందర్నీ పోగేసి పరిగెత్తిస్తుంటే వెళ్ళి చేరమని రాయలేదు.”

“అయితే మీ అమ్మనడుగు. రోజూ నాతో ఆడేది తనేగా. ఏమోయ్ టీచరమ్మా, నా ఆట ఏమన్నా తగ్గిందా? ఉన్నదున్నట్టు చెప్పు.”

ముగ్గురూ ఆవిడ వైపు తిరిగారు. ఆవిడ తుడిచిన పళ్ళేన్నే మళ్ళీ తుడుస్తోంది.

“తగ్గలేదు” అంది.

కూతురు తల్లి ముఖంలోకి ఒక్క క్షణం చూసి, “సరే, నీదే పూచీ” అని కలం అందుకుంది.

ఆయన యంత్రాల ఫ్యాక్టరీలో ఫోర్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. ఆవిడ ఆ ఫ్యాక్టరీ బడిలో డ్రాయింగ్ టీచరు. ఫ్యాక్టరీ క్లబ్బులో ఒక స్క్వాష్ కోర్టుంది. నాలుగు గోడల మధ్య ఇద్దరూ పక్కపక్కనే నిలబడి ఎదుటి గోడకేసి బంతిని కొట్టాలి. తిరిగొచ్చిన బంతి నేలకి రెండోసారి తగిలేలోపు అవతలివాళ్ళు అందుకోవాలి. పెళ్ళయిన కొత్తలో ఆయనే ఆవిడకి బ్యాటు పట్టుకోవడం నేర్పాడు. ఏ మూలకి కొట్టినా తిప్పి పంపేవాడు కాబట్టి క్లబ్బులో ఆయన పేరు ‘గోడ’. “గోడలకి చెవులుంటాయంటారు, మా గోడకి కాళ్ళు కూడా ఉన్నాయి” అని పొగిడేవాళ్ళు.

ఆ కాళ్ళే గుండె జబ్బు తర్వాత మాట వినడం మానేశాయి. నాలుగు నెలల విశ్రాంతి అయ్యాక కోర్టులో అడుగుపెట్టిన మొదటి వారం ఆయన ఒక్క బంతీ సరిగ్గా అందుకోలేకపోయాడు. ఇంటికొచ్చి బూట్లు కూడా విప్పకుండా వసారాలో కుర్చీలో కూర్చునేవాడు. పదింటికీ అలాగే, పన్నెండింటికీ అలాగే. అడిగినదానికి తప్ప మాట్లాడడు, పెట్టింది తప్ప తినడు. ఇంకో నెల ఇలాగే ఉంటే మనిషి దక్కడనిపించింది ఆవిడకి.

స్క్వాష్ బంతి నల్లగా, నిమ్మకాయకన్నా చిన్నగా ఉంటుంది. పోటీల్లో ఆడేదాని మీద రెండు పసుపు చుక్కలుంటాయి. అది నేలకి తగిలాక బద్ధకంగా లేస్తుంది. కొత్తవాళ్ళకి అది పట్టపగలే చుక్కలు చూపిస్తుందని ఆయనే అంటుండేవాడు. ఒక్క చుక్క ఉన్న బంతి కాస్త ఎక్కువ లేస్తుంది. కాస్త అంటే ఎంత? మనిషి ఇంకొక్క అడుగు వెయ్యడానికి పట్టేంత. అరవై ఏడేళ్ళవాడికి ఆ ఒక్క అడుగే ఆటంతా.

ఒకరోజు ఆవిడ ఒంటిచుక్క బంతి కొని తెచ్చి, బళ్ళో వాడిన సన్న కుంచెతో దాని మీద రెండో చుక్క పెట్టింది. ముప్ఫై ఏళ్ళు పిల్లలకి గీతలు దిద్దిన చెయ్యి. అసలు చుక్క ఏదో, పెట్టిన చుక్క ఏదో తనకే తెలిసేది కాదు. మర్నాడు పొద్దున ఆయన మూడు బంతులు వరసగా అందుకుని, “చూశావా!” అని అరిచాడు. ఇంటికొస్తూనే ఆకలేస్తోందన్నాడు.

ఒక్క వారమే అనుకుంది. కాస్త కోలుకోగానే అసలు బంతి పెట్టెయ్యొచ్చనుకుంది. అది పదిహేను నెలలయింది. దెబ్బలకి రంగు చెరిగిపోతుంది కాబట్టి వారానికోసారి, ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు, చుక్క దిద్దేది. బంతుల సంచీ ఎప్పుడూ తన దగ్గరే ఉంచుకునేది. క్లబ్బులో ఆడే పళ్ళ డాక్టరమ్మ తోడు లేక “నాతో కూడా ఒకరోజు ఆడండి టీచరుగారూ” అని ఎన్నిసార్లు పిలిచినా వెళ్ళలేదు. తను అటు వెళితే ఆయనా వేరే తోడు వెతుక్కుంటాడు. ఆయన్ని ఇంకెవరితోనూ, ఇంకెవరి బంతితోనూ ఆడనివ్వకూడదు కదా.

సంతకమైన మూడో రోజు ఆవిడ గుండె రాయి చేసుకుని అసలైన రెండు చుక్కల బంతి తీసింది. చెప్పలేని మాట బంతే చెబుతుందనుకుంది. ఆయన మొదటిదానికి వంగేలోపే అది నేలమీద చతికిలబడింది. రెండోదీ అంతే. పావుగంటకి రొప్పుతూ గోడకి ఆనుకున్నాడు.

“ఇవాళ నాకేమైందే?” అన్నాడు. ఆ గొంతు వసారా కుర్చీలో కూర్చున్న రోజులనాటిది.

“బంతి చల్లగా ఉండి లేవట్లేదేమోనండీ. వేరేది తీస్తాను” అంది ఆవిడ. వేరేది తీసింది.

అప్పుడే చెప్పాల్సింది. ఆ తర్వాత మాట మింగలేక కక్కలేక నాలుగు రోజులు తిరిగింది. చెబుదామని ఆయన దగ్గరికి వెళితే, ఆయన బ్యాటుకి కొత్త పట్టీ చుట్టుకుంటూ కూనిరాగం తీస్తున్నాడు.

శనివారం పోటీ. అవతలివాడు రిటైరైన పోస్టుమాస్టరు. పొట్ట ముందొచ్చి మనిషి తర్వాతొచ్చే రకం. పూర్వం ఆయన చేతిలో ఎన్నోసార్లు ఓడినవాడు. రెఫరీ కొత్త డబ్బాలోంచి బంతి తీసిచ్చాడు.

మొదటి ఆట పదకొండు నాలుగుతో పోస్టుమాస్టరుదే. ఆయన బంతిని వేళ్ళతో నొక్కి చూసి, మార్చమన్నాడు. మార్చారు. రెండో ఆట పదకొండు రెండు. మళ్ళీ మార్చమన్నాడు.

“పెద్దాయనా, అన్నీ ఒక డబ్బాలోవేనండీ” అన్నాడు రెఫరీ మర్యాదగానే.

“ఆడలేక మద్దెల ఓడన్నాట్ట” అని వెనక బెంచీలో ఎవరో అన్నారు. నలుగురైదుగురు నవ్వారు. గాజు తలుపుకి ఇవతల కూర్చున్న ఆవిడకి వినబడింది. లోపల ఆయన మెడ ఎర్రబడింది. మూడో ఆట పదకొండు ఒకటి. పోస్టుమాస్టరు కూడా గెలిచినవాడిలా లేడు. ఆయన భుజం మీద చెయ్యేసి బయటికి తీసుకొచ్చాడు.

ఆ సాయంత్రం ఇంట్లో ఆయన కుర్చీలో కూర్చోలేదు. పనిముట్ల పెట్టెలోంచి స్టీలు స్కేలు తీసి గోడకి నిలబెట్టాడు. పోటీలో ఆడిన బంతి అడిగి తెచ్చుకున్నట్టున్నాడు, జేబులోంచి తీశాడు. ఆవిడ సంచీలోంచి ఇంకొకటి తీశాడు. ఒకే ఎత్తునుంచి ఒకదాని తర్వాత ఒకటి వదిలాడు. మళ్ళీ వదిలాడు. కొలతలో తేడా వచ్చిన ముక్కని ఫ్యాక్టరీలో ఎంత ఓపికగా చూసేవాడో అంత ఓపికగా పదిసార్లు చూశాడు. ఆ తర్వాత బొటనవేలి గోరుతో రెండో చుక్కని గీకాడు. పెచ్చులా ఊడొచ్చింది.

“ఎన్నాళ్ళ నుంచి?”

“మీరు మళ్ళీ ఆడడం మొదలెట్టిన రెండో వారం నుంచి.”

“ఎవరెవరికి తెలుసు?”

“నాకొక్కదానికే.”

“నాకు వదిలేసిన పాయింట్లెన్ని?”

“ఒక్కటి కూడా లేదండీ. ఒట్టు. ఆటలో నేనెప్పుడూ...”

“ఒట్లెందుకులే.” ఆయన స్కేలుని తొడుగులో పెట్టాడు. “పొద్దున్నే మెలకువ రాగానే ఎంత హుషారుగా ఉండేదో తెలుసా? తగ్గలేదు, నాకేం తగ్గలేదు అనుకుంటూ లేచేవాణ్ణి.”

“అందుకేగా చేశాను.”

“అందుకే చేశావని తెలుసు. కోపం తెచ్చుకుందామన్నా వీల్లేకుండా చేశావు” అన్నాడు. ఆ మాటలో నిజంగానే కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది ఆవిడకి.

ఆదివారం పొద్దున ఆయన ఒక్కడే బయటికి వెళ్ళొచ్చాడు. ఎక్కడికని ఆవిడ అడగలేదు. మధ్యాహ్నం ఎప్పటిలాగే కూతురూ అల్లుడూ భోజనానికొచ్చారు. ఓడిన సంగతి వాళ్ళకి తెలుసు, మిగతాది తెలీదు.

“పోన్లెండి మామయ్యా, ఆ పోస్టుమాస్టరు ఉత్తరాలు ఆలస్యంగా ఇచ్చినా బంతులు మాత్రం రిజిస్టర్డు పోస్టులో కొట్టుంటాడు” అన్నాడు అల్లుడు. ఆయన నవ్వాడు. మజ్జిగ గ్లాసు పక్కకి జరిపి, అందరికీ వినబడేలా, కానీ నెమ్మదిగా చెప్పాడు.

“రేపటినుంచి నేను కోర్టుకి వెళ్ళను. పొద్దుటిపూట చెరువు చుట్టూ నడుస్తాను. మీ అమ్మతో ఆడడానికి పళ్ళ డాక్టరమ్మని అడిగొచ్చాను. ఆరింటికొస్తానంది.”

“హమ్మయ్య!” అంది కూతురు. “ఇప్పటికి మా నాన్నవనిపించావు.”

“నేనూ మానేస్తానండీ” అంది ఆవిడ. “మీతో పాటు నడుస్తాను.”

“వద్దు. నువ్వు ఆడు. నీ ఆట బాగుంటుంది.” ఆయన కూర గిన్నె ఆవిడ వైపు జరిపాడు. “ఇక నాకోసం ఏమీ చెయ్యకు.”

కూతురికీ అల్లుడికీ అది మంచిమాటలాగే వినిపించింది.