పీపాకు కరుచుకున్న స్పానరు

పైపు మూతి పొగలు కక్కుతుంటే, మొహం పక్కకు తిప్పుకుని అతను అయస్కాంతంలో ద్రవ నైట్రోజన్ పోస్తున్నాడు. తోలు తొడుగుల మీద తెల్లగా మంచు పేరుకుంది. నిలువెత్తు ఉక్కు పీపా అది. లోపల చల్లదనం తగ్గితే గదిలో పనంతా ఆగిపోతుంది. సన్నటి గాజు గొట్టంలో మాంసపు తునక పెట్టి అందులోకి దింపుతారు. తునకలోని నీటి అణువులు ఎంత చురుగ్గా కదులుతున్నాయో తెర మీద చూస్తారు. రోగం పట్టిన కండలో ఒకలా, మంచి కండలో ఒకలా కదులుతాయట. అతనికి ఆ గొడవ అక్కర్లేదు. పోయడమే అతని పని, ఇవాళ రిటైరవుతున్నాడు కాబట్టి అదీ ఆఖరు.

పీపా నడుముకు ఒక ఇనుప స్పానరు అతుక్కుని ఉంది. అటు చూడకుండా పోయడం ఏళ్ల తరబడి అలవాటు చేసుకున్నాడు.

ఆ గదిలోకి ఇనుము తీసుకుపోకూడదు. గుమ్మం బయట ట్రేలో తాళాలూ గడియారాలూ పెట్టి వెళ్లాలి, వచ్చేటప్పుడు ఎవరివి వాళ్లు తీసుకోవాలి. ఒకనాడు నైట్రోజన్ పైపు నట్టు బిగుసుకుపోయింది. యంత్రం నడిపే మేడమ్ తొందర పెట్టి నెత్తిన కూర్చుంది. ఇత్తడి స్పానరుకు బదులు ఇనుపది చేతికొచ్చింది. పీపా దగ్గరకు వెళ్లేసరికి అది చేతిలోంచి ఎగిరి కరుచుకుంది. ఇద్దరు పట్టి లాగినా ఊడలేదు. దానికోసం అయస్కాంతాన్ని ఆపడానికి ఎవరూ ఒప్పుకోలేదు.

అప్పట్నుంచి అతని పేరు స్పానర్. దానివల్ల చెదిరిన సిగ్నల్‌ని రోజూ పొద్దున్నే సర్దుకుంటూ మేడమ్ పళ్లు నూరేది. వచ్చినవాళ్లందరికీ ముందు దాన్నే చూపించేది. ఒకసారి అతని భార్య కూడా నవ్వింది. చాన్నాళ్లు ఆమెతో మాట్లాడలేదు.

"కొత్త గదికి మార్చడానికి మధ్యాహ్నం మిషన్ ఆపేస్తున్నారంట కదా. అది ఊడగానే నాకిచ్చేయండి," అన్నాడు.

మేడమ్ తెర మీంచి చూపు తిప్పలేదు. "కొత్త గదిలో అద్దాల పెట్టెలో పెడతాం. కింద మీ పేరు కూడా రాయిస్తా. వచ్చేవాళ్లకి బుద్ధొస్తుంది."

"నేను వెళ్లిపోయాక కూడా నా పరువు తీస్తారన్నమాట."

"తెచ్చింది మీరే కదండీ."

"నేనే. కాలూ చెయ్యీ ఆడనివ్వకుండా చేసిందెవరు?"

"బయట కూర్చోండి. ఇంజనీరొచ్చాక మీకిక్కడ పనిలేదు."

ట్రే పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. ఒళ్లు మండిపోతోంది. అది కింద పడ్డ చప్పుడు కాగానే లోపలికి దూరి, ఎవరు అడ్డొచ్చినా సరే, లాక్కుపోయి మురిక్కాలవలో పారేయాలి. పొద్దున్నుంచీ ఎడమ భుజం లాగుతోంది. సిలిండరు దొర్లించినందుకే అనుకుని, తలుపు వైపే చెవి పెట్టుకుని కూర్చున్నాడు.

లోపల ఇంజనీరు కరెంటు కొంచెం కొంచెంగా తగ్గించాడు. స్పానరు జారి నేల మీద ఠంగుమంది. స్టూలు మీంచి ఎవరూ లేవలేదు.

"ఇదిగో, కళ్లారా చూసుకోండి," అంటూ మేడమ్ దాన్ని పట్టుకుని బయటకొచ్చింది. అతని గడ్డం రొమ్ముకు ఆని ఉంది. ఆమె అతని భుజం తట్టింది, తల పక్కకు వాలిపోయింది. తర్వాత ఇంజనీరును పిలిచింది.

సాయంత్రం అతని కొడుకు వచ్చి ట్రేలోంచి గడియారం, తాళాలు తీసుకున్నాడు. పక్కనున్న స్పానరును మేడమ్ అతని వైపు జరిపింది.

"ఇది కూడా మీ నాన్నగారిదే. తీసుకెళ్లండి."

"మాది కాదండీ," అన్నాడు కొడుకు. "కుళాయి కారిపోతున్నా సరే, నాన్న ఇంట్లో స్పానరు ఉంచనిచ్చేవాడు కాదు."

అతను వెళ్లిపోయాడు. మిగతావాళ్లు ఎవరివి వాళ్లు తీసుకున్నారు. ట్రేలో స్పానరు మిగిలింది, ఒక పక్క తుప్పుపట్టి, అయస్కాంతానికి ఆనిన పక్క ఇంకా కొత్తదానిలా మెరుస్తూ.