మలుపుల కారుకు కొత్త రాడ్డు

మంగళవారం ఓదెమ్మ డయాలసిస్‌కు రానంటే రానని మంచంపట్టె పట్టుకుని కూర్చుంది. సూదులకు జంకి కాదు, కూతురి కారుకు జంకి. నర్సింహులపేట నుంచి మానుకోట ఆసుపత్రికి పోయేలోపు మలుపు వచ్చినప్పుడల్లా ఆ పాత పొడుగు కారు పక్కకు ఒరిగేది. దాంతోపాటే ఆమె కడుపూ తిరిగేది. చేతిలో ప్లాస్టిక్ కవరు లేనిదే కారెక్కేది కాదు.

"నీ కారు కల్లు తాగినోని లెక్క ఊగుతది బిడ్డా. దవాఖానకు పోకముందే నా పానం పోతది."

వరసగా రెండుసార్లు మానితే ప్రాణం మీదికి వస్తుందని డాక్టరు ముందే చెప్పాడు. శుక్రవారం ఎట్లాగైనా పోవాల్సిందే. బస్సులో పోయే ఓపిక ఆమెకు లేదు. కూతురు కళ్యాణి అప్పటికే స్వే బార్ అనే ఇనుప రాడ్డు తెప్పించి పెట్టింది. అది రెండు పక్కల చక్రాలనూ జతచేసి, మలుపులో బండి ఒరగకుండా పట్టి ఉంచుతుంది.

గురువారం మెకానిక్ గౌస్ తన షెడ్డులో కారును జాకీల మీదికి ఎత్తి, కింద దూరి రాడ్డు బిగించాడు. ఎలా బిగించాలో రాసి దాంతో వచ్చిన కాగితాన్ని కళ్యాణి అందిస్తే చాయ్ గ్లాసు కింద పెట్టుకున్నాడు. ఇరవై ఏళ్లుగా ట్రాక్టర్లు బాగుచేసిన చెయ్యి. ప్రతి బోల్టుకూ "ఇంకో చుట్టు" అంటూ పానా మీద కాలు పెట్టి తొక్కాడు.

కారు షెడ్డు దాటకముందే కింద టక్కుటక్కు మొదలైంది.

"కొత్తది గద అక్కా, రెండు దినాలు మొత్తుకుంటది. అలవాటైతది," అన్నాడు గౌస్.

శుక్రవారం పొద్దున ఓదెమ్మ ఎలాగో ఎక్కింది. ఊరి చివర గుంతలో పడగానే కింద సమ్మెటతో కొట్టినట్టయింది.

"మొన్నటిదాక ఊగింది, ఇయాల మొత్తుకుంటున్నది. నన్ను దించు," అంది.

కళ్యాణి పళ్లు బిగబట్టి కారును వెనక్కి తిప్పింది. షెడ్డులో చాయ్ మరక పడ్డ కాగితం తీసి, గౌస్ ముందు చదివింది. చక్రాలు గాలిలో వేలాడుతుండగా బిగిస్తే రాడ్డును పట్టి ఉంచే రబ్బరు మెలిపడి చప్పుడు చేస్తుంది. బండి బరువు చక్రాల మీద ఉన్నప్పుడే బిగించాలి.

"నిన్ననే ఇచ్చిన గదన్నా గీ కాగితం."

"బండి కిందికి దిగితే నేనెట్ల దూరాలె అక్కా? బల్లినా?"

"కార్లు కడిగే ర్యాంపు ఉన్నది గద."

గౌస్ తల గోక్కున్నాడు. రోజూ దాని ముందునుంచే షెడ్డుకు వస్తాడు.

ర్యాంపు మీద కారు తన నాలుగు కాళ్ల మీద తాను నిలబడింది. గౌస్ కింద వెల్లకిలా పడుకుని బోల్టులన్నీ వదులు చేశాడు. ఓదెమ్మ దిగనే లేదు.

"అవ్వా, కదలకుండ కూసో. నీ బరువు గూడ పడాలె," అన్నాడు కిందినుంచి.

"నాయినా, నేను ముప్పై ఎనిమిది కిలోలు. నా బరువుతోని నీ రాడ్డు నిలవడుతదా?"

గౌస్ బోల్టులు బిగించాడు. కాలు పానా మీదికి లేస్తుంటే కళ్యాణి పైనుంచి వంగి చూసింది. కాలు దిగిపోయింది.

మానుకోట రోడ్డెక్కారు. కళ్యాణి చెవులు బండి కిందే ఉన్నాయి. గుంత వచ్చింది, పోయింది. చప్పుడు లేదు. తర్వాత, ఓదెమ్మ ఎప్పుడూ కారు ఆపమనే పెద్ద మలుపు వచ్చింది. కళ్యాణి స్టీరింగ్ గట్టిగా పట్టుకుని తిప్పింది. ఓదెమ్మ కవరు విప్పి మూతి దగ్గర పెట్టుకుంది.

రెండు ఊళ్లు దాటాక అడిగింది.

"గా మలుపు ఇంకెంత దూరమున్నది?"

"ఎప్పుడో దాటినం అవ్వా."

ఓదెమ్మ కాసేపు అద్దంలోంచి వెనక్కి చూసింది. కవరును నాలుగు మడతలు పెట్టి బొడ్లో దోపుకుంది.

"గట్లయితే గా అద్దం ముంగట పెట్టిన సెంటు డబ్బ గూడ తీసి బయట పారెయ్. దాని వాసనకు గూడ నాకు వాంతొచ్చేది. ఎన్నడన్న అడిగినవా?"

కళ్యాణి డబ్బా తీసి డాష్‌బోర్డు అరలో పడేసి మూత వేసింది. పది గంటల సూదికి ఇంకా పావుగంట ఉంది.