బోడిగుట్ట

ఈస్టరు పండుగకు ములకలపల్లి వచ్చిన తమ్ముడు జస్టిన్‌ను చూస్తుంటే విశ్రాంతమ్మకు ఒళ్లు మండుతున్నది. హైదరాబాద్‌ల ఇంజనీరు. అమ్మ పోయిన ఆరేండ్లకు ఇప్పుడు తీరిక దొరికింది, అదీ గుట్టలెక్కటానికి! పొద్దున్నే కొత్త బూట్లేసుకొని, అరుగు మీద కాయితం పెట్టుకొని, చుట్టూ కనబడే మూడు గుట్టల పేర్లు రాసిండు.

"ఉండేది రెండు రోజులే. పొద్దుగాల ఎక్కి సాయంత్రానికల్లా దిగాలె. ఏ రెండు ఎక్కమంటవక్కా?"

"పెద్దగుట్టకు పో. ఇప్పపూలు రాలుతున్నయ్. తినటానికి ఎలుగుబంట్లొస్తయ్, నీకు తోడుంటయ్," అన్నది విశ్రాంతమ్మ, వాకిట్ల పొయ్యి ఊదుకుంటూ.

జస్టిన్ నవ్విండు. పెద్దగుట్టకు టిక్కు పెట్టిండు. వాగు అవతలి గుట్టకు ఇంకో టిక్కు పెట్టిండు. ఇంటెనక గుట్టను మాత్రం అడ్డంగా కొట్టేసిండు.

"దాని మీద ఏమున్నదక్కా? ఒక్క చెట్టు లేదు. బోడిగుట్ట."

విశ్రాంతమ్మ చేతిల ఊదుగొట్టం నేలకేసి కొట్టింది.

"చెట్లు ఎందుకు లేవో ఎరికేనారా నీకు? నువ్వు పది పాసయ్యేదాక అమ్మా నేనూ దినాం ఆ గుట్టెక్కినం. ఎండుపుల్లలు అయిపోతే పచ్చికొమ్మలు కొట్టినం, కొమ్మలు అయిపోతే మొదళ్లు నరికినం. నువ్వేమో పొయ్యి పక్కన కూసొని, అన్నం ఇంకా ఉడకలేదేందని అరిచేటోనివి. ఆ గుట్ట మీది చెట్లన్నీ నీ బువ్వ కిందనే కాలినయ్!"