గోడ నిండా పిడకలు

పొద్దున తొమ్మిదికి రాప్తాడు నుంచి భరత్ ఫోన్ చేసేసరికి సుష్మ ఇంకా తల దువ్వుకుంటోంది. గోడల మీద గుట్కా కంపెనీ బొమ్మలు వేసే వ్యాను ఒకటి, రంగు డబ్బాలూ నిచ్చెనా వేసుకుని హోటల్ ముందు ఆగిందనీ, పనివాళ్ళు దోసెలు తింటున్నారనీ, తర్వాత వాళ్ళు వచ్చేది తమ ఊరికేననీ వాడు ఒక్క గుక్కలో చెప్పేశాడు. ఏ గోడకో కూడా కనుక్కున్నాడు. హైస్కూలుకు ఎదురుగా ఉన్న గోడకు. అంటే సుష్మ వాళ్ళ ఇంటి గోడకే. ఆమె దువ్వెన జుట్టులోనే వదిలేసి లేచింది.

సుష్మ ఇంటర్ రెండో ఏడు చదువుతోంది. ఆమెనూ, హర్షనూ, ఆశ్రితనూ, ఈ భరత్‌నూ కలిపి ఊళ్ళో మూడు వేళ్ళ గుంపు అంటారు. ఎగతాళికే అంటారు. నోరు తెరిచి మూడు వేళ్ళు నిలువుగా పెట్టుకోండని ఆరు నెలలుగా కనబడిన ప్రతివాడి వెంటా పడుతున్నారు మరి. పట్టకపోతే గుట్కా నోటిని బిగించేస్తున్నట్టే, ఆసుపత్రికి నడవాల్సిందే. కొందరు నవ్వారు, కొందరు తిట్టారు, పదకొండు మంది మాత్రం భయపడి అనంతపురం పోయి చూపించుకున్నారు. ఆ పదకొండు మందిని తలుచుకుంటే చాలు, సుష్మకు కాళ్ళు నేల మీద నిలవవు.

ఆ పరీక్ష ఆమె నేర్చుకున్నది డాక్టరు ముందు నాయన ఓబులేష్ పక్కన కూర్చుని. ఆయన లారీ తోలుతూ పదిహేనేళ్ళు గుట్కా నమిలాడు. ఇప్పుడు ఆయన నోట్లో రెండు వేళ్ళు పట్టడమే గగనం. సంగటి ముద్ద తిని మూడేళ్ళయింది. అదే సంగటిని నీళ్ళలో పిసికి చెంచాతో పోసుకుంటాడు. మాట ముద్దముద్దగా వస్తుందని వీధిలోకి రావడమే మానేశాడు. అటువంటి మనిషి ఇంటి గోడ మీద ఆ కంపెనీ బొమ్మా? సుష్మకు ఒళ్ళు మండిపోయింది.

పెరట్లో అవ్వ తిమ్మక్క వెనక గోడకు పిడకలు తడుతోంది. అవును, పదిహేను రోజుల కింద ఎవరో వచ్చి అడిగితే గోడ ఇస్తానన్నానని తాపీగా ఒప్పుకుంది.

"యాలకల బొమ్మ ఏస్తామన్యాడు పాపా. ఇల్లంతా సున్నం కొట్టిస్తామన్యాడు. పాయసంలో ఏసుకునే యాలకలకేం పాపం?"

గుట్కా బొమ్మ వేస్తే చట్టం ఊరుకోదు. అందుకే అదే పేరుతో, అదే రంగుతో యాలకలు గీస్తారు. సుష్మ ఫోన్లో ఆ బొమ్మ తీసి అవ్వ కళ్ళ ముందు పెట్టింది. తిమ్మక్కకు చదువు రాదు గానీ ఆ రంగు తెలుసు. పదిహేనేళ్ళు కొడుకు చొక్కా ఉతికేముందు జేబుల్లోంచి ఏరి పారేసిన పొట్లాల రంగు అది. ఆమె పేడ చేతులతోనే గోడకు చేరగిలబడింది.

"ఎంత పని చేస్తిని పాపా. మాట ఇచ్చినా కదా."

అదీ అసలు చిక్కు. తిమ్మక్క మాట అంటే ఊళ్ళో రాతి మీద గీత. గుంపంతా కలిసి ముందే వేరే బొమ్మ వేస్తామన్నా, వ్యాను వెనక్కి పంపిస్తామన్నా ఆమె ఒప్పుకోదు. సుష్మ ఏమీ తోచక ఆమె కాళ్ళ దగ్గరున్న పేడ కుప్ప వైపు చూసింది. చూసిన మనిషి చూస్తూనే ఉండిపోయింది.

"అవ్వా, ఈ పొద్దు పిడకలు ముందర గోడకు తడదామా?"

తిమ్మక్క మనవరాలి ముఖం పరీక్షగా చూసింది. మెల్లగా ముడతలన్నీ నవ్వాయి. "గోడ ఇస్తానన్యా గానీ, పిడకలు తట్టనని యాడన్యా?" అని కొంగు బిగించింది.

ఇక చూడాలి ఆ హడావుడి! పక్కింటి దాసప్ప పశువుల కొట్టంలోని పేడంతా హర్ష నాలుగు గంపల్లో మోసుకొచ్చాడు. ఆశ్రిత శెనక్కాయ పొట్టు మూట ఈడ్చుకొచ్చి పేడలో కలిపి తొక్కింది. ఆమె విసిరిన మొదటి పిడక జారి ఆమె కాలి మీదే పడింది. ముద్దు పెట్టినట్టు కాదు, చెంప మీద కొట్టినట్టు కొట్టాలని అవ్వ చేసి చూపించింది. చప్, చప్, చప్. బండి మీద దూసుకొచ్చిన భరత్ చొక్కా కూడా విప్పకుండా పేడలో చెయ్యి పెట్టాడు. బడి ప్రహరీ మీద పిల్లల తలకాయలు వరసగా లేచాయి. పిడక అతికినప్పుడల్లా వాళ్ళు లెక్క పెడుతుంటే నలుగురికీ పూనకం వచ్చినట్టయింది.

నూట తొంభై దాటేసరికి వ్యాను మలుపు తిరిగింది. పై వరస ఖాళీగానే ఉంది. ఎవరికీ అందడం లేదు. సుష్మ ఎగిరి విసిరినా జారి పడింది. అంతలో వెనక నుంచి పొడుగాటి చెయ్యి ఒకటి గంపలోకి దిగింది. ఓబులేష్! ఎన్నాళ్ళకో వీధిలోకి వచ్చి, పై వరస మొదలుపెట్టాడు. సుష్మకు సంతోషంతో ఏడుపొచ్చింది. ఏడుస్తూనే ముద్దలు అందించింది.

వ్యాను దిగిన పెయింటర్ శ్రీరంగప్ప గోడను ఈ చివర నుంచి ఆ చివరకు చూశాడు. మాట ఇచ్చినావంట కదా అవ్వా, ఇదేంది అని అడిగాడు.

"ఇచ్చినా. తప్పేది లేదు," అంది తిమ్మక్క. "పిడకలు ఎండినాక రాప్పా. ఆ మూల ఎండేలోపల ఈ మూల పచ్చివి పడతాంటాయి, చూసుకోని రా."

బడి గోడ మీద పిల్లలు గొల్లుమన్నారు. శ్రీరంగప్పకు కూడా నవ్వు ఆగలేదు. నవ్వితే ఆయన ఎడమ బుగ్గలో గుట్కా ఉండ బయటపడింది. నాలుక ఎర్రగా ఉంది. ఈ దినం కూలి పోతుందనీ, పెద్ద మనిషివి నువ్వన్నా చెప్పన్నా అనీ ఓబులేష్ వైపు తిరిగాడు.

ఓబులేష్ చెప్పబోయాడు. మాట పెదవులు దాటలేదు. అప్పుడాయన పేడ అంటని ఎడమ చెయ్యి ఎత్తి, నోరు సాగినంత సాగదీసి, రెండు వేళ్ళు పెట్టుకుని చూపించాడు. అక్కడికి అంతే, మూడోదానికి చోటు లేదు. తర్వాత ఆ చేత్తోనే శ్రీరంగప్ప బుగ్గను మెల్లగా ముట్టుకున్నాడు.

శ్రీరంగప్ప గిరుక్కున తిరిగి వ్యాను చాటుకు పోయాడు. కోపం వచ్చిందేమో అనుకున్నారు అందరూ. సుష్మ మాత్రం పక్కకు వంగి చూసింది. బుగ్గలోది ఉమ్మేసి, ఎవరూ చూడడం లేదనుకుని, ఆయన నోరు తెరిచి వేళ్ళు పెట్టుకుంటున్నాడు. రెండు పట్టాయి. మూడోది తోశాడు, తిప్పి తోశాడు, పట్టలేదు.

సుష్మ చేతులు కూడా కడుక్కోకుండా ఆయన దగ్గరికి పరుగెత్తింది. "అన్నా, భయపడాకు. పన్నెండో మనిషివి నువ్వు. బండెక్కు, ఆసుపత్రికి నేను తోడొస్తా."