మిషన్‌లో మిగిలిన దాహం

వారానికి మూడు రోజులు కళ్ళద్దాలమ్మే ఆవిడ మధ్యాహ్నమే దుకాణం కట్టేసి, రక్తం శుభ్రం చేయించుకోవడానికి ఆసుపత్రికి వస్తుంది. కిడ్నీలు చేతులెత్తేసినప్పటి నుంచీ ఆవిడ బతుకంతా అక్కడి కిటికీ పక్క కుర్చీ చుట్టూనే తిరుగుతోంది. ఎవరు పెళ్ళికి పిలిచినా, ఎక్కడి నుంచి చావు కబురొచ్చినా, అది కుర్చీ రోజు కాదు కదా అని ముందు చూసుకోవాలి. ఒక కుర్చీ రోజు పొద్దున బీరువా అంతా సర్దింది. తాళాలు భర్త జేబులో వేసి, "మీ దగ్గరే ఉండనివ్వండి" అంది. ఎందుకో ఆవిడా ఆలోచించలేదు, ఆయనా అడగలేదు.

అక్కడ రక్తం కడిగే మిషన్లతో ఒక తంటా ఉంది. ముందు కూర్చున్నవాళ్ళ మనసులో మాటలు కొన్ని అందులో మిగిలిపోయి, తర్వాతివాళ్ళకు ఎక్కుతాయి. నర్సమ్మ ఎంత మందు పోసి కడిగినా అవి వదలవు. దానికెవరూ బెంబేలు పడరు. "ఇవాళ నీకేం ఎక్కింది?" అని ఒకరినొకరు అడుగుతూ కాలక్షేపం చేస్తారు. ఆవిడ కుర్చీలో పొద్దుటిపూట కూర్చునేది లిఫ్టులు బాగుచేసే ఆయన. అందుకని ఆవిడకు ఎప్పుడూ గ్రీజు వాసనా, మధ్యలో ఆగిన లిఫ్టులూ, పెళ్ళాంతో ఆయన పడే తగువులూ ఎక్కేవి. ఇంత తెలిశాక పరాయివాళ్ళుగా ఉండటం కుదరదు కాబట్టి ఆయన అక్కా అంటాడు, ఆవిడ తమ్ముడూ అంటుంది.

ఆ రోజు సూది గుచ్చి మిషన్ తిప్పగానే గ్రీజు వాసన రాలేదు. దాహం ఎక్కింది. ఎక్కువైతే ప్రాణానికే ముప్పని గుక్కెడు నీళ్ళయినా కొలుచుకుని తాగే జబ్బుకు దాహం కొత్తేం కాదు. కానీ ఈ దాహంలో, తలుపు చాటున ఎవరో చప్పుడు కాకుండా నీళ్ళు తాగుతున్నారు. పాపం, తమ్ముడి పెళ్ళాం కూడా, నా ముందు తాగలేని మా ఆయనలాగే, దాక్కుని తాగుతుందన్నమాట, అనుకుంది. వెనకే మాట వచ్చింది. 'ఇంక రాను. కడుపారా నీళ్ళు తాగి పడుకుంటాను. ఇంట్లోవాళ్ళకైనా ఊపిరాడుతుంది.'

ఆవిడ చటుక్కున తల తిప్పింది.

"ఏమండీ, తమ్ముడు మానేస్తాడట. ఫోన్ చేయండి."

పక్కన స్టూలు మీద కూర్చున్న భర్త ఫోన్ చేశాడు. ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ చేశాడు.

"నిద్రపోతున్నాడేమో."

"నీళ్ళు తాగి పడుకున్నాడేమో. వెనక వీధేగా, మీరు వెళ్ళండి. తలుపు తీయకపోతే బద్దలు కొట్టండి."

ఆయన చెప్పుల్లో కాళ్ళు దూర్చి పరిగెత్తాడు. రక్తం గొట్టాల్లో తిరుగుతుంటే ఆవిడ కదలడానికి లేదు. దాహం ఆగి ఆగి వస్తోంది, దాంతోపాటే ఆ మాట. ఆవిడకు ఒళ్ళు మండిపోయింది.

"సిగ్గుండాలి," అని పైకే తిట్టింది. "ఇంట్లోవాళ్ళకు ఊపిరాడుతుందట! నువ్వు బరువని ఏనాడైనా అన్నారా వాళ్ళు?"

పక్క కుర్చీ తాత ఉలిక్కిపడి, తనను కాదని తెలుసుకుని మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు.

చివరికి ఆవిడ ఫోన్ మోగింది. లిఫ్టాయన గొంతు.

"అక్కా, స్నానం చేసి వచ్చేసరికి బావగారు తలుపు విరగ్గొడుతున్నారు. నేనెందుకు మానేస్తాను?"

"మరి నాకెక్కింది నీ మాటే కదా."

"నాదెలా అవుతుంది? మన మిషన్ చెడిపోయిందని పొద్దున నన్ను మూల కుర్చీలో కూర్చోబెట్టారు."

పక్కనే ఉండి విన్న నర్సమ్మ తలూపింది. "అవునమ్మా. మొన్న మీది అవగానే ఆగిపోయింది. ఇందాకే బాగుచేశారు. మీ తర్వాత మళ్ళీ మీరే."

ఆవిడ మిషన్ వైపు చూసింది. మొన్న చివర్లో పిక్కలు పట్టేసి ప్రాణం పోతున్నప్పుడు, స్టూలు మీద కునికిపాట్లు పడుతున్న భర్తను చూసి ఆ మాట తనే అనుకుంది. ఆ నొప్పితోపాటే ఆ మాటా పోయిందనుకుంది. పోలేదు. పొద్దున బీరువా సర్దించింది అదే. ఆవిడకు తన మీద తనకే భయం వేసింది.

భర్త వగరుస్తూ వచ్చాడు. చొక్కా వీపుకు అంటుకుపోయింది.

"అతను లక్షణంగా ఉన్నాడు. మరి ఆ మాటెవరిది?"

"నాది."

ఆయన స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. జేబులోంచి తాళాలు తీసి, ఆవిడ సూది లేని చేతిలో పెట్టి, ఆ పిడికిలి మూశాడు. ఆవిడ తాళాలను గట్టిగా పట్టుకుంది.

నర్సమ్మ ఆయనకు గ్లాసుతో నీళ్ళిచ్చింది. ఆయన అలవాటు కొద్దీ లేచి తలుపు వైపు నడిచాడు.

"ఇక్కడే తాగండి," అంది ఆవిడ. "నాకు కనబడేట్టు."

ఆయన తటపటాయించాడు. తర్వాత ఆవిడ వైపు తిరిగి గటగటా తాగాడు. చుక్క మిగలకుండా తాగేదాకా ఆవిడ రెప్ప వాల్చలేదు.

"ఆయనకు ఇంకో గ్లాసివ్వమ్మా," అంది నర్సమ్మతో. "నా తర్వాత కూర్చునేవాళ్ళకు ఇదే ఎక్కనీ."