కొండ అవతలికి పోయిన బండి

ఆ పొద్దున ఆకాశం కిందికి దిగి రన్‌వే మీద కూర్చుంది. పక్కనున్న గుట్ట కనపడలేదు. గాలి దిక్కు చెప్పే ఎర్ర సంచి తడిసిపోయి స్తంభానికి అతుక్కుని వేలాడుతోంది. ఆయన ఆఫీసు గది డాబా ఎక్కి ఇదంతా చూశాడు. వేలు తడిచేసి పైకెత్తాడు. గాలి లేదు. గాలి లేనప్పుడు ఈ మంచు ఎండ ముదిరేదాకా కదలదని ఆయన లెక్క.

ఊళ్ళో ఆయన్ని అందరూ వాతావరణం అంటారు. వెనకాల అనేవాళ్ళు కొందరు, మొహం మీదే అనేవాళ్ళు కొందరు. ఆయనకు కోపం రాదు. లోలోపల మురిసిపోతాడు కూడా.

ఆయన పని అలాంటిది. అక్కడి ఎయిర్‌పోర్టు చాలా చిన్నది. షెడ్డులాంటి ఒక హాలు, సామాన్లు తూచే ఒక కాంటా, ఒక గేటు. రోజుకు ఒక విమానం వస్తుంది. దిగినవాళ్ళు బయటికి రాగానే వాచ్‌మన్ తలుపులకు తాళం వేసేస్తాడు. అలా దిగినవాళ్ళను ఇళ్ళకు చేర్చడం, కొండ అవతలి ఎయిర్‌పోర్టులో ఇంకో విమానం అందుకోవలసిన వాళ్ళను వేళకు అక్కడ దించడం ఆయన వ్యాపారం. రెండు వ్యాన్లున్నాయి. మంచు పట్టిన రోజు విమానం ఇక్కడ దిగలేక కొండ అవతలికే పోతుంది. ఆ కబురు టవర్ నుంచి వచ్చేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. బండి ఘాట్ రోడ్డు ఎక్కి దిగేదాకా జనం అక్కడ తిట్టుకుంటూ కూర్చోవాలి. అందుకని ఈయన కబురు కోసం ఆగడు. ఆకాశం చూసి ఒక బండిని ముందే అవతలికి పంపిస్తాడు, రెండోదాన్ని ఇక్కడ ఉంచుతాడు. విమానం ఎక్కడ వాలినా మన బండి ఉండాలన్నది ఆయనే పెట్టుకున్న నియమం.

ఆ రోజు రెండో బండి మెకానిక్ షెడ్డులో బోనెట్ ఎత్తుకుని ఉంది.

"బావా, టాక్సీ స్టాండు ఆయన్ని ఒక కారు అడుగుదాం," అన్నాడు డ్రైవరు. డ్రైవరంటే పరాయివాడు కాదు, సొంత బావమరిది. "విమానం ఇక్కడికి వస్తే వచ్చింది, లేకపోతే లేదు. ఇక్కడ ఒకటి పడి ఉంటుంది."

"వాణ్ణా? మొన్ననే కదా నలుగురిలో అన్నాను, నీ కార్లు ఊరేగింపుకు తప్ప పనికిరావని. ఇప్పుడు వాడి ముందుకు పోయి దేహీ అనమంటావా?"

"అంటే ఏం పోతుంది? మహా అయితే నవ్వుతాడు."

"వాడు నవ్వడానికే కాచుకుని ఉన్నాడు. పైకి చూడు. ఇందులో కాకి కూడా దిగదు. ఎక్కు బండి."

మామూలు రోజైతే ఆయన ఆఫీసులోనే ఉండిపోయేవాడు. ఆ విమానంలో వస్తున్నది అక్క. ఆమెను తానే ఎదురు వెళ్ళి తెచ్చుకోవాలని బండెక్కాడు.

అక్కకు కంటి ఆపరేషను అయింది. అమ్మ పోయాక కుట్టుమిషను తొక్కి ఈయన్ని పెంచిన మనిషి. సూదిలో దారం ఎక్కించి ఎక్కించే ఆమె చూపు పోయిందని ఈయన నమ్మకం. కన్నుకు కుదుపు తగలకూడదు, దుమ్ము సోకకూడదు అన్నాడు డాక్టరు. అందుకే బస్సు మాన్పించి విమానం ఏర్పాటు చేశాడు. ఆసుపత్రి నుంచి కారు, అక్కడి ఎయిర్‌పోర్టులో చక్రాల కుర్చీ, ముందు వరసలో సీటు, ఇక్కడ దిగగానే వ్యాను, ఎక్కడా ఖాళీ లేకుండా అన్నీ తనే కూర్చాడు. ముందురోజు ఫోన్‌లో ఒకటికి రెండుసార్లు చెప్పాడు.

"అక్కా, దిగాక ఎవరు పిలిచినా పోకు. మీ తమ్ముడే పంపాడంటారు, నమ్మకు. మన బండి వచ్చేదాకా అక్కణ్ణుంచి కదలకు."

"నువ్వు చెప్పాక కదులుతానట్రా? నువ్వు వేళకు అన్నం తిను, చాలు."

వ్యాను కొండ ఎక్కుతుంటే ఎండ వచ్చింది.

"బావా, ఎండ!"

"మనం ఎత్తులో ఉన్నాం కాబట్టి. కింద అలాగే ఉంటుంది."

ఇంకో రెండు మలుపులు తిరిగేసరికి రోడ్డు పక్క గడ్డి ఊగడం మొదలైంది. ఆయన గడ్డిని చూశాడు. కిటికీలోంచి తల బయటపెట్టి వెనక్కి చూశాడు. కింద మంచు పాత దుప్పటిలా చిరుగులు పడుతోంది. చిరుగుల్లోంచి రోడ్డు, చెరకు తోటలు, ఎవరిదో రేకుల కప్పు కనపడుతున్నాయి. అప్పుడే నెత్తి మీదుగా విమానం చప్పుడు వినిపించింది. వాళ్ళు వచ్చిన వైపుకే, కిందికి దిగుతూ వెళ్ళిపోయింది.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఆ సన్నటి రోడ్డు మీద బండి తిప్పే చోటు దొరికేసరికి ఇంకో కొండ మలుపు దాటవలసి వచ్చింది. తిప్పాక ముందు లారీలు. ఒకదాని వెనక ఒకటి, నత్తనడక.

వాచ్‌మన్ ఫోన్ చేశాడు.

"అయ్యా, అమ్మగారు దిగారు. గేటు బయట రేకుల కింద కూర్చోబెట్టాను. హాలుకు తాళం వేయాలి కదా మరి."

"కార్లు, బస్సులు తిరిగే చోటు... అక్కడ దుమ్ము కదయ్యా!"

"దుమ్మేనండీ. కొంగు కప్పుకున్నారు. టాక్సీ స్టాండు ఆయన కారు తెచ్చి నిలబెట్టాడు. ఊరికే ఇంటిదగ్గర దించుతానంటున్నాడు. అమ్మగారేమో మా తమ్ముడు కదలొద్దన్నాడు, ఎక్కనంటున్నారు. మీరొక్క మాట చెప్పండి చాలు. ఫోన్ ఇవ్వమంటారా?"

ఒక్క మాట. అక్కా, ఆ కారెక్కు. అంతే. అది ఆయన నాలుక చివరిదాకా వచ్చింది. దాని వెనకే టాక్సీ స్టాండు ఆయన నవ్వు మొహం కూడా వచ్చింది. ఆకాశం చదివేవాడు అక్కనే వదిలేసి కొండెక్కాడట అని సాయంత్రానికి ఊరంతా చెప్పుకోవడం వినిపించింది.

"వద్దు, వద్దు. ఆ కారు ఎక్కనివ్వకు. మా బండి దారిలో చెడిపోయిందని చెప్పు. డ్రైవరు చూసుకోలేదని చెప్పు. వచ్చేస్తున్నాం."

ఫోన్ పెట్టేశాక డ్రైవరు ఒకసారి ఇటు తిరిగి చూసి మళ్ళీ లారీ వెనక బోర్డు చదువుకుంటూ కూర్చున్నాడు.

"ఒరే, అక్క అడిగితే నువ్వూ అదే చెప్పు."

"ఏం చెడిందని చెప్పను?"

"ఏదో ఒకటి. నీకు తెలీదా?"

"బాగున్న బండిలో ఏది చెడిందో నాకెలా తెలుస్తుంది బావా," అన్నాడు వాడు. మామూలుగానే అన్నాడు. కోపంగా అన్నా బాగుండేదనిపించింది ఆయనకు.

వాళ్ళు చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. గాలికి ఎర్ర సంచి నిండుగా లేచి ఊగుతోంది. రేకుల కింద అక్క సంచి ఒళ్ళో పెట్టుకుని నిటారుగా కూర్చుని ఉంది. నల్లద్దాలు. ఒక కన్ను మీద దూది పట్టీ, రెండోది ముందునుంచే మసక. చీర కుచ్చిళ్ళ మీద ఎర్రటి దుమ్ము. ఆమె చుట్టూ మరెవరూ లేరు.

"వచ్చారా?" అంది బండి చప్పుడు వైపు మొహం తిప్పి. "అబ్బాయ్, బండి బాగయిందా?"

డ్రైవరు దిగి తలుపు తీశాడు. "అయింది వదినా."

"ఏం పోయింది దానికి?"

"బెల్టు వదినా."

"పాపం. ఎండలో ఎంత అవస్థ పడ్డావో," అంటూ అతని చెయ్యి పట్టుకుని బండెక్కింది.

ఆయన అక్క పెట్టె తీసుకోవడానికి గేటు దగ్గరికి వెళ్ళాడు. వాచ్‌మన్ పెట్టె ఇస్తూ గొంతు తగ్గించాడు.

"వేళ దాటుతోందని పట్టీ ఎత్తి కంట్లో మందు చుక్కలు నేనే వేశానండీ. సబ్బుతో చేతులు కడుక్కునే వేశాను, ఏమీ అనుకోకండి."

"మంచి పని చేశావు."

"ఇంకో మాటండీ. నా ఫోన్ పాతది. అవతలివాళ్ళు మాట్లాడేది వీధి చివరిదాకా వినపడుతుంది. పొద్దున మీరన్నవన్నీ అమ్మగారు విన్నారు. టాక్సీ ఆయనా విన్నాడు."

ఆయన పెట్టె కింద పెట్టాడు. "ఆయన ఏమన్నాడు?"

"ఏమీ అనలేదండీ. వాటర్ బాటిల్ ఒకటి అమ్మగారి పక్కన పెట్టి వెళ్ళిపోయాడు."

నవ్వి ఉంటే ఆయన తిరిగి ఏదో ఒకటి అనగలిగేవాడు.

దారిపొడుగునా అక్క ఆసుపత్రి కబుర్లు చెప్పింది. పక్క మంచం ఆవిడ గురక పెడితే కిటికీ అద్దాలు అదిరాయని చెప్పింది. డ్రైవరు నవ్వాడు. వెనక సీట్లో ఉన్న తమ్ముణ్ణి మాత్రం ఆమె ఏమీ అడగలేదు. ఆయనకు తల కొట్టేసినట్టుగా ఉంది. ఆమెకు కనపడదని తెలిసి కూడా తల వంచుకునే కూర్చున్నాడు.

ఇంట్లో భార్య అప్పటికే కంచాలు పెట్టి కాచుకుని ఉంది. బండి చెడిపోయిందన్న కథ వాచ్‌మన్ ఆమెకూ ఫోన్ చేసి చెప్పాడు. వదినను కూర్చోబెట్టి, చీర మీద దుమ్ము చూసి, డ్రైవరు మీద, అంటే తన తమ్ముడి మీద, విరుచుకుపడింది.

"ఒరే, నీకు బుద్ధుందా? ఆపరేషను అయిన మనిషిని ఎండలో పడేస్తావా? బయలుదేరే ముందు బండి చూసుకోవద్దూ? అక్క మొగుడి బండే కదా, ఎలా తోలినా అడిగేవాడు లేడనా? ఆ కన్నుకేమైనా అయితే నీ కన్ను ఇస్తావా?"

"పోనీలే అక్కా."

"పోనీలేనా! మాట్లాడతావేం, సిగ్గులేదూ? బయటివాడైతే ఈపాటికి ఉద్యోగం ఊడేది. మీ బావ మంచివాడు కాబట్టి నోరెత్తకుండా ఉన్నాడు."

వాడు కంచం అంచు వేలితో రుద్దుతూ కూర్చున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. అక్క నల్లద్దాల మొహం ఎటూ తిప్పలేదు. ఆమె ఇప్పుడు ఒక్క మాట అంటే చాలు, వాడు బయటపడతాడు. ఆమె అనలేదు. అది అనవలసింది ఎవరో ఆమెకు తెలుసు. ఆమెకు తెలుసని ఆయనకూ తెలుసు.

"బండికేం కాలేదు," అన్నాడాయన.

భార్య ఇటు తిరిగింది. "ఏమిటీ?"

"బండి బాగానే ఉంది. మంచు చూసి నేనే కొండ అవతలికి తోలించాను. ఇక్కడ కారు పెడదామని వీడన్నాడు, నేను విన్లేదు. టాక్సీ వస్తే ఎక్కనివ్వద్దన్నదీ నేనే. వీడి మీద పెట్టిందీ నేనే."

భార్య చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. ఆమె మొగుడి వైపు చూసింది. అలాంటి చూపు పెళ్ళయినప్పటి నుంచి ఆయన ఎరగడు. డ్రైవరు తల ఇంకా కిందికి దించుకున్నాడు, తప్పు నిజంగా తనదే అయినట్టు.

"ముందు అబ్బాయికి పెట్టమ్మా," అంది అక్క. "పొద్దుటి నుంచి ఏమీ తినలేదు వాడు."

భార్య తమ్ముడి కంచంలో అన్నం పెట్టింది. తర్వాత వదినకు. చివర మొగుడికి పెట్టి, తనూ కూర్చుంది.

అక్క వేళ్ళతో తడుముకుంటూ కంచంలో కూర ఎక్కడుందో వెతుక్కుంది. ఆయన చెయ్యి సగం దాకా చాచి ఆగిపోయాడు. డ్రైవరు కూర గిన్నె ఆమె చేతికి తగిలేలా జరిపాడు. ఆమె వడ్డించుకుంది. ఆయన చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. లేచిపోదామంటే అందరూ చూస్తారు. నీళ్ళు తాగి ఇంకో ముద్ద కలుపుకున్నాడు.